బంతి మీద రాసిన అంకె

"ఇవాళ జడలు నువ్వే వెయ్యమ్మా" అంది టెసా, దువ్వెన తల్లి చేతిలో పెడుతూ.

మార్లా దువ్వెన వంకా, కూతురి వంకా మార్చి మార్చి చూసింది. పన్నెండేళ్ళ టెసా నిరుడు వేసవి నుంచి తన జడలు తనే వేసుకుంటోంది. తన జడలేమిటి, మ్యాచ్ ఉన్న రోజు పొద్దున్నే మైదానం పక్క గడ్డిలో జట్టు పిల్లలందరినీ ఒకరి వెనక ఒకరిని కూర్చోబెట్టి, అందరికీ గట్టిగా బిగించి జడలు అల్లేది అదే. అలాంటి పిల్ల ఫైనల్ రోజున దువ్వెన తెచ్చి తల్లి చేతిలో పెట్టింది.

"చేతికేమైంది?"

"ఏం కాలేదు. బద్ధకంగా ఉంది."

"కుడిచెయ్యి ఒకసారి పైకెత్తు."

"అమ్మా, టైమవుతోంది. వెయ్యవా?"

మార్లా ఎడమవైపు జడ అల్లింది. కుడివైపు పాయలు తీయబోతూ వేళ్ళు భుజం మీద ఆన్చిందో లేదో, పిల్ల పళ్ళ మధ్యనుంచి ఇస్సుమని గాలి పీల్చుకుంది. వెంటనే దగ్గినట్టు నటించింది. మార్లా దువ్వెన మంచం మీద పడేసి, రెండో జడ అల్లకుండానే వంటింట్లోకి నడిచింది.

వంటింట్లో కర్ట్ నొవోట్నీ నేలమీద కూర్చుని, మంచినీళ్ళ డబ్బాలో ఐసుముక్కలు పోస్తున్నాడు. వారంలో అయిదు రోజులు ధాన్యం గోదాములో మేస్త్రీ, మిగతా రెండు రోజులు ఊళ్ళోని ఆడపిల్లల సాఫ్ట్‌బాల్ జట్టుకి కోచ్. ఈ రెండో ఉద్యోగానికి జీతం లేదు కాబట్టి ప్రాణం పెట్టి చేస్తాడు.

"టెసా ఇవాళ బంతి వెయ్యదు" అంది మార్లా.

"మళ్ళీ మొదలెట్టావా" అన్నాడు కర్ట్, తలెత్తకుండానే.

"దానికి చెయ్యి లేవడం లేదు. జడ కూడా వేసుకోలేకపోతోంది."

"ఫైనల్ రోజు ఎవరికైనా గాభరాగానే ఉంటుంది... ఒళ్ళు బరువుగా ఉంటుంది. మైదానంలో దిగితే అదే సర్దుకుంటుంది."

"శుక్రవారం ఒక మ్యాచ్. నిన్న ఎండలో మూడు. నాలుగింటికీ అదే వేసింది. నీ జట్టులో ఇంకో పిల్ల లేదా?"

"ఎందుకు లేదు, బ్రిన్ ఉంది. బ్రిన్ చేత వేయిస్తే బంతిని కంచె అవతల చేలో వెతుక్కోవాలి. వెతికొచ్చేసరికి అవతలి జట్టువాళ్ళు స్టేట్ పోటీలకి వెళ్ళిపోయి ఉంటారు."

వెనక వరండాలోంచి టప్పుమని చప్పుడైంది. జాలీతలుపు అవతల కర్ట్ వాళ్ళమ్మ అల్బీనా బల్ల మీద కూర్చుని, చేలోంచి తెచ్చిన తీపి మొక్కజొన్న పొత్తులు ఒలుస్తోంది. పీచు తీసి, కాడ విరిచి, పొత్తు బకెట్లో పడేస్తుంది. ఎనభయ్యేళ్ళు వచ్చినా ముంజేతి బలం తగ్గలేదు, చెవుల బలం అసలే తగ్గలేదు.

"దాని వయసులో నేను రెండుపూటలా పద్నాలుగు ఆవులకి పాలు పిండేదాన్ని" అంది అక్కణ్ణుంచే. "చెయ్యి నొప్పి అంటే మా నాన్న, రెండో చెయ్యి ఎందుకిచ్చాడే దేవుడు అనేవాడు."

"మీరు పిండారు సరే అత్తయ్యా. ఆవులు గంటకి అరవై మైళ్ళ వేగంతో పిండమన్నాయా?"

"మా బ్లాకీ అయితే అంతకన్నా వేగంగానే తన్నేది" అని అల్బీనా ఇంకో కాడ విరిచింది. టప్.

మార్లా ఉలిక్కిపడింది. ప్రతి కాడకీ ఉలిక్కిపడుతోంది. నాలుగేళ్ళయి జూలై వచ్చిందంటే ఆవిడకి ఇదే పని.

"చూడు మార్లా" అన్నాడు కర్ట్, ఈసారి కాస్త మెత్తగా. "ఇది బేస్‌బాల్ కాదు. కింద నుంచి వేసే బంతి. ఊయల ఊపినట్టు ఊపి వదిలెయ్యడమే. అందుకేగా ఆడపిల్లల ఆటలో రోజుకిన్ని బంతులే వెయ్యాలని ఎవరూ గీత గియ్యలేదు."

"గీత గియ్యకపోతే నొప్పి రాదా?"

"గీసినచోట రాలేదా?"

మాట అక్కడ ఆగింది. ఆ ఇంట్లో ఏ తగువైనా చివరికి ఆ మాట దగ్గరికొచ్చి ఆగుతుంది. దాన్ని దాటి ఎవరూ వెళ్ళరు.

బల్ల దగ్గర కూర్చుని గసగసాలు పెట్టిన తీపి రొట్టె, కొలాచీ, తింటున్న వెస్ నమలడం ఆపాడు. వాడికి పదిహేడేళ్ళు. కుడిచెయ్యి మోచేతి దగ్గర పూర్తిగా చాపుకోదు. లోపల రెండు మరమేకులున్నాయి. ఇప్పుడు తినడం, రాయడం, తలుపు తీయడం అన్నీ ఎడమచేత్తోనే. ఈ నాలుగేళ్ళలో వాడు కుక్కకి కర్రపుల్ల కూడా విసరగా ఎవరూ చూడలేదు.

"వెస్ ఇక్కడే ఉన్నాడు కాబట్టి వాడి ఎదురుగానే చెప్తున్నా" అన్నాడు కర్ట్. "వీడికి లెక్కపెట్టలేదా మనం? పదమూడేళ్ళవాడు రోజుకి తొంభైఅయిదు దాటకూడదన్నారు. దాటలేదు. ఒక్కటంటే ఒక్కటి ఎక్కువ వెయ్యలేదు. ఐనా మోచేతి ఎముక ఊడొచ్చింది. డాక్టర్ ఏమన్నాడు? ఎదిగే పిల్లలకి, లెక్కలోపలే ఉన్నా ఒక్కోసారి ఇలా అవుతుంది అన్నాడు. నీ ఎదురుగానే అన్నాడు."

"అన్నాడు" అంది మార్లా.

దొంగకి తేలు కుట్టినట్టయింది ఆవిడ పని. నొప్పి ప్రాణాలు తోడేస్తున్నా కేక పెట్టే దారి లేదు. ఎందుకంటే డాక్టర్ ఆ మాట అనే ముందు ఒక ప్రశ్న అడిగాడు. ఆ రోజు పిల్లాడు ఎన్ని బంతులు వేశాడమ్మా అని. కర్ట్ భార్య వంక చూశాడు. లెక్కపెట్టింది ఆవిడే కదా. తొంభైఅయిదు అని చెప్పింది. పక్కగదిలో కొడుకు మత్తుమందు కోసం ఎదురుచూస్తుండగా, తెల్లకోటు వేసుకున్న మనిషి కళ్ళలోకి చూస్తూ చెప్పింది.

కర్ట్ లేచి నేలమాళిగ మెట్ల వైపు వెళ్ళాడు. మెట్ల పక్క గోడకి కొట్టిన అలమరలో బంతులుంటాయి. నొవోట్నీల ఇంట్లో అది కర్ట్ తండ్రి నాటి ఆచారం. గెలిచిన ప్రతి మ్యాచ్‌లోనూ ఆఖరి బంతిని ఇంటికి తెచ్చి, దాని మీద తేదీ, స్కోరు, ఇంటి పిల్లాడు ఆ రోజు వేసిన బంతుల లెక్క రాసి అక్కడ పెడతారు. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి రాసేది మార్లానే. ఆవిడ అక్షరాలు గుండ్రంగా ఉంటాయని మామగారే అప్పగించారు ఆ పని.

కర్ట్ ఒక బంతి తెచ్చి బల్లమీద కొలాచీల పళ్ళెం పక్కన పెట్టాడు. ఎర్రకుట్ల మధ్య నల్లసిరా. నాలుగేళ్ళకి కాస్త వెలిసింది గాని అంకెలు స్పష్టంగానే ఉన్నాయి.

"చదువు" అన్నాడు.

"నాకు తెలుసు."

"చదువు మార్లా. పైకి."

"తొంభైఅయిదు."

"ఎవరి చేతిరాత?"

"నాదే."

"మరి ఇంకేం కావాలి? లెక్క అనేది ఒకటుండి అది కాపాడేదే అయితే వీణ్ణి కాపాడేది. కాపాడలేదు. కాబట్టి ఆ లెక్కలు చూపించి నా కూతుర్ని ఫైనల్లో కూర్చోబెట్టమంటే నేను ఒప్పుకోను. వీడిది రాత. దానిది ఇంకో రాత."

టప్, అంది వరండా.

నాలుగేళ్ళ కిందట విన్నదీ ఆ చప్పుడే. జనమంతా గంతులేస్తూ అరుస్తున్నారు కాబట్టి ఆ రోజు ఇంకెవరికీ వినిపించలేదు. వల వెనక మడతకుర్చీలో, చేతిలో క్లిక్కర్ పట్టుకుని కూర్చున్న మార్లాకి మాత్రం వినిపించింది. పచ్చి కాడ విరిచినట్టు, ఒకే ఒక్క చప్పుడు. వెస్ వేసిన బంతిని బ్యాటర్ అందుకోలేకపోయాడు. మ్యాచ్ గెలిచారు. వెస్ బంతి వేసే ఆ మట్టిదిబ్బమీదే మోకాళ్ళ మీద కూలబడితే, ఆనందం పట్టలేక అనుకున్నారు అందరూ. పిల్లలు వాడి మీద పడి కావలించుకున్నారు కూడా.

క్లిక్కర్ అంటే బొటనవేలితో నొక్కే చిన్న ఇనపడబ్బీ. బంతికో నొక్కు, నొక్కుకో అంకె. ఆఖరి ఇన్నింగ్స్ మొదలయ్యేసరికే అందులో తొంభై కనిపించింది. తర్వాత అయిదు నొక్కింది. తొంభైఅయిదు కాగానే అంపైర్‌కి చెయ్యెత్తి చూపించాలి. వెస్ దిగిపోవాలి. ఇంకో పిల్లాడు ఎక్కాలి. ఆ ఇంకో పిల్లాడు వేస్తే ఓడిపోతారని ఆ మైదానంలో చీమకి కూడా తెలుసు. అవతలి జట్టు తరఫున లెక్కచూడాల్సిన ఆవిడ, మార్లా ఉండగా నా లెక్కెందుకు అని పుస్తకం మూసి ఐస్‌క్రీం బండి దగ్గరికి వెళ్ళింది. ఊరికి మార్లా మీద అంత నమ్మకం.

వెస్ తల్లి వంక చూశాడు. వాడి మొహం వెలిగిపోతోంది. అంతే, అంతకన్నా పెద్ద కారణమేమీ లేదు. మార్లా బొటనవేలు మీట మీదే ఉంచింది, నొక్కలేదు. తర్వాతి బంతికీ నొక్కలేదు. ఆ తర్వాతిదానికీ లేదు. వేలు ఆగింది గాని పాడు మనసు ఆగలేదు. అది లోపల లెక్కపెడుతూనే ఉంది. ఇప్పటికీ గిన్నెలు కడుగుతున్నా, చర్చిలో మోకరిల్లినా, బొటనవేలు తనంతట తను చూపుడువేలి పక్కన నొక్కుకుంటూ ఉంటుంది, ఆనాడు నొక్కనివన్నీ ఇప్పుడు నొక్కుతున్నట్టు.

"ఆ వేలితో నొక్కడం ఆపమ్మా" అన్నాడు వెస్ మెల్లగా.

మార్లా తన చెయ్యి చూసుకుంది. బొటనవేలు ఆగింది.

వాకిట్లో వ్యాను ఆగిన చప్పుడు. బ్రిన్ వాళ్ళ నాన్న సగం జట్టుని ఎక్కించుకొచ్చాడు. పిల్లల కేరింతలు కిటికీలోంచి వంటింట్లోకి వచ్చి పడ్డాయి.

"నేను వెళ్తున్నా" అన్నాడు కర్ట్, ఐసుడబ్బా ఎత్తుకుని. "టెసాని పిలువు."

"కర్ట్" అంది మార్లా. "అది తొంభైఅయిదు కాదు."

"ఏది?"

"బంతి మీదది. తొంభైఅయిదు కాదు. నేను నొక్కడం ఆపేశాను. నూటఏడు."

కర్ట్ ఐసుడబ్బా దించలేదు. మోస్తూనే నిలబడ్డాడు. అర్థమయ్యే మాటని అర్థం కాకుండా ఉంచుకోవడానికి మనిషి ఎంత తంటాలు పడతాడో ఆ మొహంలో కనిపించింది.

"తప్పు నొక్కావంటావా?"

"తప్పు నొక్కలేదు. అసలు నొక్కనేలేదు. చూస్తూ కూర్చున్నాను."

"డాక్టర్‌కి?"

"డాక్టర్‌కీ తొంభైఅయిదే చెప్పాను. నీకూ అదే. బంతి మీద కూడా అదే రాశాను."

వరండాలో చప్పుడు ఆగింది.

"నూటఎనిమిది" అన్నాడు వెస్.

ఇద్దరూ వాడి వైపు తిరిగారు. వాడు కొలాచీ ముక్కని పళ్ళెంలో పెట్టి, ఎడమచేతి వేళ్ళకంటిన గసగసాలు దులుపుకుంటున్నాడు.

"నువ్వు ఆఖరిది వదిలేశావు" అన్నాడు తల్లితో. "విరిగినదాన్ని లెక్కలో వేసుకోలేదు. అదీ వేశాను కదా నేను."

"నీకు తెలుసా?" అంది మార్లా.

"వేసినవాణ్ణి నేను. నాకు తెలీదా?"

"మరి ఒక్కనాడూ అనలేదే. నాలుగేళ్ళు ఒక్కనాడూ."

"ఆ రోజు నువ్వు చెయ్యెత్తుతావేమోనని ప్రతి బంతికీ నీ వంకే చూశా. ఎత్తలేదు. ఎంత సంతోషించానో." వెస్ బంతిని తన వైపు తిప్పుకున్నాడు. "ఆసుపత్రిలో కళ్ళు తెరిచాక నీ మొహం చూశా. ఇంకేం అంటాను?"

మార్లా ఏడవలేదు. ఏడుపు వస్తే బాగుండుననిపించింది. నాలుగేళ్ళు తను ఒంటరిగా మోస్తున్నాననుకున్న బరువుకి రెండో కొస ఈ పిల్లాడి భుజం మీద ఉంది. అదీ ఆ పాడైన చేతి భుజం మీద. అది తెలిశాక తేలిక కాలేదు, రెట్టింపయింది.

జాలీతలుపు తోసుకుని అల్బీనా లోపలికొచ్చింది. బట్టలకంటిన పీచు అలాగే ఉంది. "అందుకేనా నువ్వు నాలుగేళ్ళుగా మొక్కజొన్న ముట్టడం లేదు" అంది. "నేను వండింది నచ్చడం లేదేమో అనుకున్నా." ఇంకేదో అనబోయి, బకెట్‌ని కాలితో వరండా మూలకి నెట్టేసి, తలుపు దగ్గరే నిలబడిపోయింది.

కర్ట్ ఐసుడబ్బా కిందపెట్టాడు. మూత ఊడి నీళ్ళు నేలమీదికి జారాయి.

"నేను చెప్పాను" అన్నాడు. "లెక్కలు దండగ అని ఎంతమందికి చెప్పానో. పిల్లలకి రెండు రోజులు విశ్రాంతి ఇమ్మంటే నవ్వాను. మా వెస్‌ని చూడండి, లెక్క పెడితే ఒరిగిందేమిటి అని... మార్లా, నేను ఆ బంతి చూపించి చెప్పేవాణ్ణి. ఇంటికి పిలిచి చూపించేవాణ్ణి."

"తెలుసు."

"చూస్తూ ఊరుకున్నావు."

"ఊరుకున్నాను."

వాకిట్లో వ్యాను హారన్ మోగింది.

మార్లా సొరుగులోంచి నల్లసిరా కలం తీసింది. బంతిని చేతిలోకి తీసుకుని, తొంభైఅయిదు మీద అడ్డంగా గీత కొట్టి, కింద రాయబోయింది. ఒకటీ సున్నా వంకరగా వచ్చాయి. మూడో అంకె దగ్గర ఆగిపోయింది. వెస్ కలం తీసుకుని, ఎడమచేత్తో, చంటిపిల్లాడి అక్షరంలా పెద్ద ఎనిమిది వేశాడు.

"నావి ఎక్కడ రాస్తారు?"

గుమ్మంలో టెసా. ఒకవైపు జడ, ఒకవైపు విరబోసిన జుట్టు, ఒంటిమీద జట్టు చొక్కా. ఎప్పుడొచ్చిందో, ఎంత విన్నదో తెలీదు. కళ్ళు చూస్తే మొత్తం విన్నట్టే ఉంది.

"నీవేంటి తల్లీ?" అన్నాడు కర్ట్.

టెసా ఎడమచేతిలో ఉన్న టోపీ తెచ్చి బల్లమీద బోర్లించింది. టోపీ అంచు లోపలివైపు బాల్‌పెన్నుతో గీసిన సన్నటి గీతలు. నాలుగు నిలువు, ఒక అడ్డం. మళ్ళీ నాలుగు నిలువు, ఒక అడ్డం. అంచంతా నిండిపోయి, చోటు చాలక తల ఆనే పట్టీ మీదికి కూడా ఎక్కాయి. చెమటకి కొన్ని అలుక్కుపోయాయి.

"నావి ఎవరూ నొక్కట్లేదు కదా" అంది. "అన్నయ్యకి అమ్మ నొక్కేదిగా. అందుకని నేనే పెట్టుకున్నా. ఇన్నింగ్స్ అయ్యాక గుర్తున్నవన్నీ."

వెస్ టోపీని వెలుతురులోకి తిప్పి, కట్టలు కట్టలుగా లెక్కపెట్టాడు. పెదాలు మాత్రమే కదిలాయి. అందరూ ఆ పెదాలే చూస్తున్నారు.

"మూడువందల ఎనభైఆరు" అన్నాడు చివరికి. "శుక్రవారం నుంచి."

"ఆటకి ముందు ఒళ్ళు వేడెక్కడానికి వేసినవి కలపలేదు" అంది టెసా. "అవి కలపాలా?"

కర్ట్ రెండు అరచేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. తీసేసరికి కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. నీళ్ళు పారిన నేలమీదే మోకాళ్ళ మీద కూర్చుని, కూతురి ఎత్తుకి వచ్చాడు. ఆ రోజు వెస్ కూలబడింది కూడా అలాగే.

"చెయ్యెత్తమ్మా" అన్నాడు. "ఒక్కసారి పైకెత్తు, చూద్దాం."

టెసా బల్లమీది బంతిని చూసింది. తండ్రిని చూసింది. కిటికీ అవతల, వ్యానులోంచి తలలు బయటపెట్టి తన పేరే పాటలా పాడుతున్న పిల్లల్ని చూసింది. వాళ్ళలో ఎవరికీ ఇంకా జడలు వెయ్యలేదు, వాళ్ళు ఎదురుచూస్తున్నది దాని కోసమే. చివరికి తల్లి వంక చూసింది. మార్లాకి ఆ చూపు తెలుసు. నాలుగేళ్ళ కిందట దిబ్బమీది నుంచి ఇంకో మొహం ఇలాగే వెలుగుతూ తన వంక చూసింది.

టెసా నవ్వింది. చెయ్యి ఎత్తింది. తటపటాయించకుండా, తలమీదుగా, నిటారుగా, వేళ్ళు చాపి ఎత్తింది.

ఎడమచెయ్యి.

"రెండోది" అన్నాడు కర్ట్.

పిల్ల నవ్వు చెరగలేదు. కళ్ళు మాత్రం తల్లి మీదే ఉన్నాయి, భుజం నొప్పి సంగతి చెప్పొద్దని బతిమాలుతూ.